గలగల కోసం క్లచ్ మారుస్తారా?

డ్రై క్లచ్ పెట్టిస్తే చాలు, మామూలు బండి రేసు బండి అయిపోతుందనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. రేసులో దానికి అర్థముంది: ప్లేట్లు ఆయిల్లో తిరగవు కాబట్టి పవర్ వృథా తగ్గుతుంది, అరిగిన పొడి ఇంజిన్ ఆయిల్లో కలవదు. మరి ట్రాఫిక్‌లోనో? వేడిని లాక్కెళ్ళే ఆయిల్ ఉండదు, హాఫ్ క్లచ్ మీద పాకిస్తే ప్లేట్లు కాలిపోతాయి.

డుకాటీయే 2011లో చూపించిన 1199 పానిగాలేకి వెట్ క్లచ్ పెట్టింది. డ్రై క్లచ్‌ని 2019 మోడల్ వీ4 ఆర్ లాంటి రేసు బండికి దాచుకుంది.

పాత నార్టన్ కమాండోకి బెల్టు ప్రైమరీ వేసి క్లచ్‌ని పొడిగా నడిపితే సరే, ఆయిల్ కారే కేసు బాధ తీరుతుంది. అది జబ్బుకి మందు. మిగతాది చప్పుడు మోజు. బెంచ్‌మార్క్ కోసం ప్రొడక్షన్ సర్వర్ని చెడగొట్టేవాణ్ణి మనం ఏమంటామో, వీళ్ళనీ అదే అనాలి!