తెలుపూ ఒక రంగే!

అమెరికాలో వర్ణవివక్ష మీద డాక్యుమెంటరీ అనగానే మన కళ్ల ముందు కొన్ని దృశ్యాలు కదుల్తాయి. మీద పడే పోలీసు కుక్కలు, లాఠీ దెబ్బలు తింటున్న నల్లవాళ్లు. చూసి అయ్యో అనుకుంటాం, టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోతాం. అయ్యో అనుకోవడం తేలిక. నల్లవాళ్ల బాధ ఎంత బాగా చూపించినా, ఆ బాధ వల్ల లాభపడిన వాళ్లని చూపించకపోతే ఆ సినిమా సగమే చెప్పినట్టని నా అభిప్రాయం. అక్కడ నల్లవాడికి రంగుంది, చైనావాడికి రంగుంది, మనకీ ఉంది. తెల్లవాడికి మాత్రం రంగే లేనట్టు, అతను ఉత్త 'మనిషి' అన్నట్టు మాట్లాడతారు. ఈ సంగతి పట్టుకుని కెమెరాని అటు తిప్పిన సినిమాలు కొన్ని ఉన్నాయి.

1970లో వచ్చిన 'ది ఐ ఆఫ్ ది స్టార్మ్' అలాంటిదే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు కదా! ఆ మర్నాడే అయోవా రాష్ట్రంలోని రైస్‌విల్ అనే చిన్న ఊళ్లో జేన్ ఇలియట్ అనే టీచరు తన మూడో తరగతి పిల్లలని కళ్ల రంగుని బట్టి రెండు జట్లు చేసింది. పిల్లలంతా తెల్లవాళ్లే. తర్వాత మరో ఏడాది పిల్లలతో అదే పాఠం చెప్తుంటే సినిమా తీశారు. ఒకరోజు నీలికళ్ల వాళ్లు గొప్ప, మర్నాడు గోధుమరంగు కళ్ల వాళ్లు గొప్ప. తక్కువవాళ్ల మెడకి గుడ్డపట్టీ కడతారు. నిన్నటిదాకా కలిసి ఆడుకున్న పిల్లలు 'గోధుమకళ్లోడా' అని తిట్టుకుని కొట్టుకుంటారు. పట్టీ కట్టుకున్న రోజు అట్టల మీద అక్షరాలు చదవడంలో కూడా వెనకబడిపోతారు! ఒక తల్లిగా నాకు ఆ పద్ధతి మింగుడుపడదు. ఎనిమిదేళ్ల పిల్లని ఏడిపించి నేర్పే పాఠానికి నేనైతే ఒప్పుకోను. కానీ సినిమా మర్చిపోలేం.

ఆ సినిమాతో నా పేచీ ఇంకోటుంది. వివక్ష అంటే మనసులో ఉండే దురుద్దేశం అనీ, మనసు మారితే అన్నీ మారిపోతాయనీ అనిపించేలా ఉంటుంది. మనసులు మారినా ఇళ్ల పట్టాలు మారవు కదా?

ఆ మాట గట్టిగా చెప్పింది 2003లో మూడు భాగాలుగా వచ్చిన 'రేస్: ది పవర్ ఆఫ్ యాన్ ఇల్యూజన్'. మొదటి భాగంలో రకరకాల జాతుల విద్యార్థులు తమ డీఎన్‌ఏ పోల్చి చూసుకుంటారు. తమ రంగువాళ్లే తమకి దగ్గరవుతారనుకుంటే, అలా రాదు. మూడో భాగం ఇళ్ల కథ. ఒక ఆడమనిషికి ఇల్లంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో 17 వేలకు పైగా ఇళ్లు కట్టి, తెల్లవాళ్లకే అమ్మారు. 1934 నుంచి 1962 దాకా ప్రభుత్వం పూచీ మీద 12,000 కోట్ల డాలర్ల ఇళ్ల అప్పులిస్తే, తెల్లవాళ్లు కానివాళ్లకి అందింది నూటికి రెండు పాళ్ల లోపేనట. ఆ ఇళ్ల విలువ పెరిగింది, పిల్లలకి దక్కింది, చదువులకి పనికొచ్చింది. మనవలు మాత్రం "అంతా మా తాత కష్టార్జితం" అంటారు. తాత కష్టపడలేదని కాదు. పక్క పేటలో నల్ల తాతా కష్టపడ్డాడు, ఆయనకి అప్పు పుట్టలేదు.

ఇదే భాగంలో మనవాడొకడు కనిపిస్తాడు. భగత్‌సింగ్ థింద్. పంజాబ్ నుంచి వెళ్లి, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన సిక్కు. అప్పట్లో వలస వెళ్లినవాళ్లలో తెల్లవాళ్లకీ, ఆఫ్రికా సంతతికీ తప్ప పౌరసత్వం లేదు. తాను ఉన్నత కులస్థుణ్ణి, ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని సుప్రీంకోర్టులో వాదించాడు. కులం చూపించి తెల్లవాడి పంక్తిలో విస్తరి వేయించుకోవాలనుకున్నాడన్నమాట! 1923లో కోర్టు కాదంది. శాస్త్రం ఏం చెప్పినా, మామూలు మనిషి నిన్ను తెల్లవాడనుకోడు పొమ్మంది. అంతకు మూడు నెలల ముందు ఒక జపానువాడి కేసులో, తెల్లవాడంటే కకేసియన్ జాతివాడే అన్న కోర్టే ఇది.

ఈ తీర్పుతో అప్పటికే పౌరులైన మనవాళ్లకీ పౌరసత్వాలు పోయాయి. కళా బగాయ్ సంగతి వినండి. 1915లో భర్తతో, ముగ్గురు కొడుకులతో అమెరికా వెళ్లింది. బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామాన్లతో వెళ్తే, ఇరుగుపొరుగు వాళ్లు ఇంటికి తాళం వేసి రానివ్వలేదు. తీర్పు తర్వాత భర్త వైష్ణోదాస్‌కి పౌరసత్వం పోయింది, ఆస్తి చేజారింది. 1928లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. పిల్లలని ఆవిడే పెంచుకొచ్చింది. ఇప్పుడు అదే బర్క్‌లీలో ఒక వీధికి ఆవిడ పేరుంది.

భారతీయులకి పౌరసత్వ హక్కు 1946లో వచ్చింది. తలుపు బాగా తెరుచుకుంది 1965 చట్టంతో. నల్లవాళ్లు వీధుల్లో పోరాడిన రోజులవి. ఆ తలుపులోంచే మన తెలుగు డాక్టర్లూ, ఇంజనీర్లూ వెళ్లారు. ఫోన్లో మాట్లాడినప్పుడు మనవాళ్లు "మంచి స్కూలున్న ఏరియాలో ఇల్లు కొన్నాం" అంటారు. అక్కడ స్కూళ్లకి వచ్చే డబ్బులో పెద్ద వాటా ఆ ప్రాంతపు ఇళ్ల పన్నుల్లోంచే వస్తుంది. ఆ ఏరియా ఎలా మంచిదైందో, పక్క ఏరియా ఎందుకు కాలేదో కొనేముందు ఎవరైనా అడుగుతారా? అడిగితే ఇల్లు కొనడం మానేస్తారని కాదు. "నల్లవాళ్లు పైకి రారండీ" అనే మాట మాత్రం అంత తేలిగ్గా నోటికి రాదు.

మా బంధువుల పిల్లలకి మూడో భాగం చూడమని చెప్పాను. మొదటి రెండూ తర్వాత చూసినా ఫర్వాలేదు.