వినేవారుంటేనే మాట

మన భిలాయి కర్మాగారం దుబాసీల నడుమ పుట్టింది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆనాడు రష్యన్ నిపుణులకూ మనవారికీ ఒకరి భాష ఒకరికి రాదు. కనుక చెప్పినది అర్థమైనదో లేదో అడిగి తెలుసుకోక తప్పేది కాదు. నేడు అందరికీ హిందీ వచ్చును. ఆ అడిగే అలవాటే సన్నగిల్లుతున్నదేమో!

ఉద్యోగ సంతృప్తి అనగానే జీతం, క్వార్టరు గుర్తుకు వస్తాయి. అదే 1959లో ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సహచరులతో కలిసి ఒక గ్రంథం వెలువరించారు. ఉక్కునగరమైన పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి వారు తేల్చినదేమనగా: జీతం, వసతులు లోపిస్తే అసంతృప్తి కలుగుతుంది, కాని నిజమైన తృప్తినిచ్చేవి ప్రధానంగా సాధించిన పని, దానికి లభించే గుర్తింపు, అప్పగించిన బాధ్యత.

గుర్తింపు అంటే శాలువా, ప్రశంసాపత్రం మాత్రమే కాదు. చెప్పిన మాటకు జవాబు రావడం కూడా గుర్తింపే. చాలాకాలం క్రితం, వేరొక చోట పనిచేస్తున్నప్పుడు, ఒక ఆపరేటరు మాతో "బేరింగు మోత మారింది సార్" అన్నాడు. "చూద్దాంలే" అన్నాము. మరునాడూ చెప్పాడు, మేమూ అదే జవాబిచ్చాము. మూడవనాడు అతడు చెప్పలేదు. వారం తిరగకుండానే ఆ బేరింగు పట్టేసింది. బేరింగును ఒక్క షిఫ్టులో మార్చగలిగాము. అతడి చేత మళ్లీ నోరు విప్పించడానికి మాకు ఏడాది పట్టింది.

కొలిమి దగ్గర, గ్యాసు పైపుల దగ్గర ఇటువంటి మౌనానికి మూల్యం ప్రాణమే కావచ్చును. కనుక అధికారులకు మా మనవి ఒక్కటే. షిఫ్టు మారే వేళ యంత్రం ప్రక్కన నిలిచి ఐదు నిమిషాలు వినండి. లాగ్‌బుక్కులో వ్రాసిన ప్రతి ఫిర్యాదు క్రింద ఏమి చేసినదీ, చేయలేకపోతే ఎందువల్లనో వ్రాయండి. కారణం చెప్పి "కాదు" అన్నా కార్మికుడు సహిస్తాడు; జవాబే రాకపోతే మనసు విరిగిపోతుంది.

ఇంటివారికి కూడా ఒక మాట. డ్యూటీ నుంచి వచ్చినవారిని "ఈరోజు పని ఎలా జరిగింది?" అని అడగండి. జవాబు చివరివరకూ వినండి.