బండికి గొలుసు వేస్తే ఎవరి కాళ్ళకు సంకెళ్ళు?



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఈ మూడు ఊళ్ళకు పోకుండా మనకు పూట గడవదు. పట్టుగూళ్ళు అమ్మాలంటే హిందూపురం, మగ్గం కూలికైనా రైలుకైనా ధర్మవరం, కోర్టుకో ఆఫీసుకో పెనుకొండ. ఎక్కడికి పోయినా బండి స్టాండు వెయ్యకముందే చేతిలో చీటీ పడుతుంది. ‘లెక్క ఇయ్యప్పా’ అంటాడు. ఇస్తాం. పదో ఇరవయ్యో కదా అని ఇచ్చి మర్చిపోతాం. కానీ మర్చిపోలేనిది వొకటి నా కళ్ళముందే జరిగింది.

ఊరి పేరు చెప్పను. చెప్తే ఆ వొక్క ఊరే దోషి అనుకొని తక్కిన రెండు ఊళ్ళవాళ్ళు చేతులు దులుపుకుంటారు. వొక ఆసుపత్రి. నా దగ్గర చదువుకున్న పిల్లవాడు, మా పేటవాడే, సర్టిఫికెట్ పనిమీద వచ్చినాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పనిచెయ్యవు. మగ్గాలకు కండెలు చుట్టి బతుకుతాడు. మూడు చక్రాల స్కూటరే వాడి కాళ్ళు. ఆసుపత్రి ఆవరణలో చక్రాల కుర్చీ బొమ్మ గీసిన జాగా వుంది. వుండేదానికి వుంది, కానీ ఆ బొమ్మమీద స్టాండు గుత్తేదారు మేజా వేసుకున్నాడు. పక్కన ఎవరిదో పెద్ద కారు. మావాడు చేసేది లేక తలుపు దగ్గర బండి పెట్టి, చేతులమీద పాక్కుంటూ లోపలికి పోయినాడు.

తిరిగి వచ్చేసరికి చక్రానికి గొలుసు, తాళం. ‘అడ్డం పెట్టినావు, రెండొందలు పెనాల్టీ’ అన్నారు. నాకు ఫోను చేసినాడు. నేను పోయేసరికి గంటన్నర ఎండలో నేలమీద కూర్చొని వున్నాడు.

నేను మూడే మాటలు అడిగినాను. రేట్ల బోర్డు ఎక్కడ? పెనాల్టీ వెయ్యమని మీ ఒప్పందంలో ఎక్కడ రాసి వుంది? రెండొందలకు నంబరు వేసిన రసీదు ఇస్తావా? బోర్డు లేదు. ఒప్పందం చూపలేదు. రసీదు ఇవ్వనన్నాడు. కడపటికి అన్నాడు గదా: ‘మీవాళ్ళకు ఊరికే తినడం అలవాటైపోయింది సార్.’

ఆ ‘మీవాళ్ళు’ అనే మాట ఎవరిని అన్నాడు? కుంటివాళ్ళనా, మాదిగోళ్ళనా? రెండింటినీ కలిపే అన్నాడు. జనం గుంపుగా చేరినాక గొలుసు తీసినాడు. రెండొందలు కట్టలేదు. కానీ ఆ మేజా మాత్రం ఇప్పటికీ ఆ బొమ్మమీదే వుంది. అందుకే ఇది రాస్తున్నాను.

‘ఇంత చిన్న సంగతికి పత్రికలో రాయాల్నా సార్’ అని కొందరు అడుగుతారు. చిన్నదా? 1901లో మసూర్ స్టేషన్లో రైలు దిగిన పిల్లలు బండి కోసం కాచుకున్నారు. కులం తెలియగానే ఎవడూ బండి కట్టలేదు. కడపటికి రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి తామే తోలుకొని పోయినారు. ఆ పిల్లల్లో వొకడు అంబేడ్కర్. లెక్క ఎక్కువ ఇచ్చింది ఆయనే, కష్టం పడింది ఆయనే. ఈ దేశంలో రెట్టింపు బాడుగ ఎప్పుడూ మనదగ్గరే వసూలవుతుంది. నూట ఇరవై ఏళ్ళు దాటినాక మావాడు చెయ్యని తప్పుకు అడిగిన రెండొందలు కూడా ఆ బాడుగే.

చట్టం ఏమంటుందో చూద్దాం. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో వుంది. బస్‌స్టాపులు, రైల్వే స్టేషన్లలో బండ్లు పెట్టే జాగా వికలాంగులకు అందుబాటులో వుండాలని 41వ సెక్షన్ చెప్తుంది. ఉన్న పాత ప్రజా భవనాలను ఐదేండ్లలో సరిచేయాలని 45వ సెక్షన్. ఆ ఐదేండ్లు దాటి చాలా రోజులయింది. కేంద్రం 2021లో ఇచ్చిన కొలతల ప్రకారం ఆ జాగా గుమ్మానికి 30 మీటర్ల లోపల వుండాలి, వెడల్పు 3.6 మీటర్లు వుండాలి. అంత వెడల్పు ఎందుకంటే బండి పక్కన చక్రాల కుర్చీ విప్పుకోవాలి గనుక. అది గుత్తేదారు మేజా వేసుకునేదానికి కాదు. ఈ కొలతలు సలహాలుగా మిగిలిపోతే చాలదు, తప్పనిసరి నియమాలు పెట్టండని సుప్రీంకోర్టు 2024 నవంబరులో కేంద్రాన్ని ఆదేశించింది.

ఇంకొకటి చూడండి. నలుగురిలో వికలాంగుణ్ణి కావాలని అవమానిస్తే 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా శిక్ష. ఈ లెక్క ఎక్కడో విన్నట్టు లేదూ? మన 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే పడే శిక్ష కూడా అంతే. రెండు గాయాలూ వొకటేనని చట్టానికి తెలిసింది, స్టేషను రైటరుకే ఇంకా తెలియలేదు. కులం, ఆడతనం, అంగవైకల్యం వొకే మనిషిమీద కలిసి పడితే ఆ బరువు వేరుగా వుంటుందని మన రాష్ట్రం నుంచి పోయిన కేసులోనే 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాసింది.

నిజం నిజంగా చెప్పుకుందాం. వికలాంగుడు స్టాండు రుసుమే కట్టనక్కరలేదని ఆ చట్టం అనలేదు. జాగా ఇమ్మంది. ఆ జాగా మింగినవాడు, జాగా లేక పక్కన పెట్టినవాడికి జరిమానా వెయ్యడమే దొంగతనం. పైగా జరిమానా వేసే అధికారం గుత్తేదారుకు ఎవరిచ్చినారు? వేలంపాటలో ఆయన కొనుక్కున్నది రుసుము వసూలు చేసే హక్కు. అదీ ఒప్పందంలో రాసిన రేటుకే. మెజిస్ట్రేటు కుర్చీని ఎవరూ పాట పెట్టలేదు.

ఇంగ్లండులో 2015లో అక్కడి సుప్రీంకోర్టు వొక ప్రైవేటు కంపెనీ వేసిన 85 పౌండ్ల పార్కింగు చార్జీ చెల్లుతుందని తీర్పు చెప్పింది. అక్కడ చోటుచోటా పెద్ద అక్షరాల బోర్డులు పెట్టి ముందే చెప్పినారు గనుక. అంటే దొరల దేశంలో కూడా బోర్డు లేకుంటే బలం లేదు. మన దగ్గర బోర్డే లేదు, బలం మాత్రం బోలెడు!

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఏప్రిల్ నుంచి మాల్‌లలో, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగు ఉచితమంది. మంచిదే. మరి ఆసుపత్రి ముందర, సంతలో, స్టేషన్ బయట? సినిమాకు పోయేవాడికి అరగంట మాఫీ, సర్టిఫికెట్‌కు వచ్చిన వికలాంగుడికి గొలుసు. ఇదేమి ధర్మం?

పైగా పేరు మార్చినారు. 2015లో ప్రధాని ‘దివ్యాంగులు’ అన్నాడు. మనకీ వొకప్పుడు గాంధీ ‘హరిజనులు’ అని పేరు పెట్టినాడు. పేరులో దేవుణ్ణి పెడతారు, జాగాలో మేజా పెడతారు. మాకు దివ్యత్వం వద్దు, పన్నెండడుగుల వెడల్పు నేల ఇయ్యండి.

గుత్తేదారు కడుపు నిండేది ప్రతి అడుగునూ లెక్క చేసుకుంటేనే. గట్టిగా అడగలేనివాడి అడుగే ముందు మింగుతాడు. ఊళ్ళో మొదట ఆక్రమణయ్యేది మన శ్మశానం కాదా?

మన తప్పూ చెప్పుకోవాలి. నేనే వొకసారి తొందరలో ఆ బొమ్మమీద బండి పెట్టినాను. మన అంబేడ్కర్ భవనాలు ఎన్నింటికి మెట్లు తప్ప వాలుదారి వుంది? మీటింగుకు మావాణ్ణి ఇద్దరు మోసుకొని రావాల్సి వచ్చింది. అది వాడికి గౌరవమా? దండోరా జెండా పట్టిన చేతులే తర్వాత వికలాంగుల హక్కుల పోరాట సమితినీ కట్టినాయి. ఆ సంగతి మనం మరవగూడదు.

చెయ్యాల్సిన పని ఇది. చీటీ ఇస్తే వుంచుకోండి. పెనాల్టీ అడిగితే రసీదు అడగండి. బోర్డు లేని గోడను, మేజా వేసిన బొమ్మను ఫొటో తీయండి. స్టాండు వేలం ఒప్పందం నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. మున్సిపాలిటీలో రుసుము 10 రూపాయలు, దారిద్య్రరేఖ కింద వున్నవాళ్ళకు అదీ లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జిల్లా వినియోగదారుల కమిషన్లో రెండేండ్ల లోపల ఫిర్యాదు చేయవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు. సోమవారం పుట్టపర్తిలో కలెక్టరుకు అర్జీ ఇయ్యండి. వచ్చే వేలంపాటలో వికలాంగులకు స్టాండు రుసుము మాఫీ, జాగా ఆక్రమిస్తే గుత్త రద్దు అని షరతు పెట్టమని మూడు ఊళ్ళలోనూ అడుగుదాం. వొక్కరు పోతే అర్జీ, యాభైమంది పోతే ఉద్యమం.

మావాడు మొన్న అడిగినాడు: ‘సార్, ఆ మేజా తీస్తారా?’ తీస్తారని నేను చెప్పలేదు. తీయిద్దాం రా అన్నాను.

జై భీమ్!