లే ఆఫ్ అంటే తాత్కాలికమేనా?

నిజాంసాగర్ కాలువ కింద పండే చెరకును నమ్ముకుని 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని నెలకొల్పారు. పక్కనున్న శక్కర్‌నగర్ పేరులోనే ఆ చక్కెర ఉంది. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ ఆగిపోయింది. మెట్‌పల్లి, మెదక్ యూనిట్లకూ అదే గతి పట్టింది.

అయితే యాజమాన్యం ప్రకటించింది మూసివేత కాదు, లే ఆఫ్. ఈ తేడాను మనం గ్రహించాలి. అప్పట్లో అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం లే ఆఫ్ తాత్కాలికం. ఆ రోజులకు మూలవేతనం, కరువు భత్యంలో సగం ఇవ్వాలి. మూసివేస్తే మాత్రం ప్రతి ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం చొప్పున పరిహారం చెల్లించాలి. తాత్కాలికం ఏళ్ళ తరబడి సాగితే కార్మికుడికి పనీ ఉండదు, లెక్కా తేలదు. పిల్లల చదువులు, ఆడపిల్లల నికాహ్‌లు ఆ తేలని లెక్క మీదే ఆగుతాయి.

2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది, 49 శాతం ప్రభుత్వం వద్దే ఉంది. కనుక బాధ్యత ఇద్దరిదీ. పునరుద్ధరణ కోసం 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. సంతోషమే. కాని పనిచేసినవాని కూలి ఆపడం మన దీన్‌లో జులుమ్. ఫ్యాక్టరీ తెరిచేదాకా బాకీలు ఆగాలనడం న్యాయం కాదని మేము భావిస్తున్నాము.

కార్మిక కుటుంబాలకు మా మనవి ఒక్కటే: సర్వీసు కాగితాలు, జీతం చీటీలు, పి.ఎఫ్. పత్రాలు జాగ్రత్తగా దాచుకోండి. రేపు హక్కు అడగాలంటే అవే సాక్ష్యం.