అంకె పెద్దదైతే చాలునా?



ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాల్లో ఏడో తరగతి చదివే ఒక పాప వ్రాసిన ఉత్తరం ఉన్నది. ఆ పాప అక్క ఇంజనీరింగు చదువుతున్నదట. తన ల్యాప్‌టాప్‌లో బొమ్మలు కదిలించే పని, వీడియోలు కూర్చే పని చేస్తుందట. లోపలి డ్రైవు నిండిపోయింది, పని నత్తనడక నడుస్తున్నది. కొత్తది కొనుక్కోమని నాన్న డబ్బు ఇస్తానన్నారు, కాని ఒక్కసారే. దుకాణంలో చూస్తే ఒక పెట్టె మీద 3,500 అని, ఇంకొక దాని మీద 7,000 అని, మరొక దాని మీద 14,000 అని వేగాలు అచ్చువేసి ఉన్నాయి. పెద్ద అంకె ఉన్నదే కొనాలా అని ఆ పాప ప్రశ్న.

ఇది మంచి ప్రశ్న. తొందరపడితే ఆ నాన్నగారి కష్టార్జితం వృథా అవుతుంది. కనుక ముందు డ్రైవు కథ కాస్త తెలుసుకుని, తరువాత జవాబు చెప్పుకుందాం.

1956లో ఐ.బి.ఎం. కంపెనీవారు మొట్టమొదటి డిస్కు డ్రైవును తయారుచేశారు. అందులో 24 అంగుళాల వెడల్పు గల పళ్ళేలు 50 గిరగిరా తిరిగేవి. రెండు బీరువాలంత ఉన్న ఆ యంత్రం దాచుకోగలిగింది 50 లక్షల అక్షరాలు మాత్రమే! తరువాత పళ్ళేలు చిన్నవయ్యాయి గాని, తిరగడం మానలేదు. కావలసిన చోటు చదివే ముల్లు కిందికి వచ్చేదాకా కంప్యూటరు ఆగవలసిందే. ఆ ఆలస్యం సెకండులో సుమారు నూరోవంతు. మనకది లెక్కలోకి రాదు. కంప్యూటరుకు మాత్రం అది ఒక యుగం!

1980ల్లో జపానులోని తోషిబా కంపెనీలో ఫుజియో మసుఓకా అనే శాస్త్రజ్ఞుడు, తిరిగే భాగమేదీ లేని జ్ఞాపకాన్ని కనిపెట్టాడు. అందులో వ్రాసినదంతా ఒక్క దెబ్బతో చెరిగిపోవడం చూచి ఆయన సహోద్యోగికి కెమేరా ఫ్లాష్ గుర్తుకువచ్చిందట. అందుకే దానికి ‘ఫ్లాష్’ అని పేరు వచ్చింది. మన ఎస్.ఎస్.డి. డ్రైవులో ఉన్నది ఇదే. మీ చూపుడువేలంత పొడవున్న నేటి డ్రైవు లక్ష కోట్ల అక్షరాలు దాస్తుంది. అన్ని దాచాలంటే 1956 నాటి యంత్రాలు రెండు లక్షలు కావాలి!

ఇక కొనేముందు అడగవలసిన ప్రశ్నలు నాలుగు.

మొదటిది: మన ల్యాప్‌టాప్‌లో ఏది పడుతుంది? ఎక్కువ డ్రైవుల మీద 2280 అని ఉంటుంది. అంటే వెడల్పు 22 మిల్లీమీటర్లు, పొడవు 80 అన్నమాట. కొన్ని ల్యాప్‌టాప్‌లలో 30 లేక 42 మిల్లీమీటర్ల పొట్టివే పడతాయి. ఆకారం ఒకటే అయినా జాతులు రెండున్నాయి సుమా! సాటా జాతిది సెకండుకు సుమారు 550 మెగాబైట్లు చదువుతుంది. ఎన్.వి.ఎం.ఇ. జాతిలో మూడో తరానిది 3,500, నాలుగోది 7,000, అయిదోది 14,000 దాకా పోతుంది. మూడో తరం ల్యాప్‌టాప్‌లో అయిదో తరం డ్రైవు పెడితే పనిచేస్తుంది, కాని 3,500 దాటదు. కాలువలో ఎన్ని నీళ్ళున్నా పొలానికి పారేది తూము పట్టినంతే గదా!

రెండోది: పెట్టె మీది అంకె దేనికి? ఒకే పెద్ద ఫైలును వరుసగా చదివే వేగానికి. కాని కంప్యూటరు తెరిచినప్పుడు అది వేలకొద్దీ చిన్న చిన్న ముక్కలను అక్కడొకటి ఇక్కడొకటి వెదికి తెచ్చుకుంటుంది. అటువంటి పనిలో 7,000 డ్రైవు కూడా ఒక్కొక్క ముక్కే తెచ్చేటప్పుడు సాధారణంగా 100 మెగాబైట్లకు అటూ ఇటూ ఉంటుంది. బియ్యం బస్తాను ఎత్తి కుమ్మరించడం వేరు, గింజ గింజా ఏరడం వేరు! కనుక పాఠాలు వ్రాసుకునేవారికి 3,500కూ 14,000కూ తేడాయే తెలియదు. పెద్ద పెద్ద వీడియోలు కదిలించే అక్కకు మాత్రం తెలుస్తుంది.

మూడోది: ఆ వేగం ఎంతసేపు నిలుస్తుంది? ఫ్లాష్‌లో కంటికి కనబడనంత చిన్న గదులుంటాయి. వాటిలో ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయో చూచి కంప్యూటరు అంకెను చదువుతుంది. చెంబులో నీళ్ళు ఏ గీత దాకా ఉన్నాయో చూచినట్లే. టి.ఎల్.సి. రకానికి గీతలు 8, క్యు.ఎల్.సి. రకానికి 16. గీతలు దగ్గర పడినకొద్దీ చోటు చవకవుతుంది, వ్రాయడం మాత్రం నెమ్మదిస్తుంది. అందుకని డ్రైవు మొదట కొంత భాగాన్ని రెండే గీతల లెక్కన గబగబా వ్రాసి మెప్పిస్తుంది. అది నిండగానే వేగం పడిపోతుంది. కొన్ని క్యు.ఎల్.సి. డ్రైవులు అప్పుడు పాత పళ్ళేల డ్రైవు కంటే కూడా వెనకబడతాయి! పైగా వేడి ఒకటి. సన్నని ల్యాప్‌టాప్‌లో గాలి ఆడదు. 70, 80 డిగ్రీల వేడెక్కితే డ్రైవు తన్ను తాను కాపాడుకోవడానికి నిదానిస్తుంది. అటువంటి చోట చల్లగా ఉండే నాలుగో తరమే మేలు.

ఇంకొక్క మాట. పలక మీద ఒక్క అక్షరం చెరపడం ఫ్లాష్‌కు చేతకాదు; పలకంతా తుడవాలి. కనుక తుడిచిన పలకలు కొన్ని ఎప్పుడూ చేతికింద ఉండాలి. డ్రైవును పూర్తిగా నింపకండి.

నాలుగోది: ఎన్నాళ్ళు మన్నుతుంది? 1 టెరాబైటు టి.ఎల్.సి. డ్రైవులు చాలావాటికి 600 టెరాబైట్లు వ్రాసేదాకా పూచీ ఇస్తారు. రోజుకు 50 గిగాబైట్లు వ్రాసినా 12,000 రోజులు, అంటే సుమారు 33 ఏళ్ళు! అరుగుదలకు భయం లేదు. కాని ఎస్.ఎస్.డి. ఏ చప్పుడూ చేయకుండా ఒక్కసారిగా చచ్చిపోవచ్చు. అప్పుడు అందులోని చదువు, ఫోటోలు తిరిగి రాబట్టడం బహు కష్టం.

ఇప్పుడు జవాబు. పాపా! ముందు అక్కచేత ల్యాప్‌టాప్ పుస్తకం తీయించి, ఏ తరమో ఏ పొడవో చూడమను. నాలుగో తరమైతే 7,000 అంకె గల టి.ఎల్.సి. డ్రైవు చాలు. 14,000 డ్రైవుకు పెట్టబోయిన డబ్బులో మిగిలినదానితో బయట తగిలించే డిస్కు ఒకటి కొనండి. పాత డ్రైవులోని పనినంతా దానిలోకి ఎత్తుకున్న తరువాతనే మూత విప్పండి. విప్పడం తెలిసిన పెద్దవారిచేతనే చేయించండి.

మిగతావారికి ఒక లెక్క. 70 గిగాబైట్ల వీడియోను చదవడానికి 14,000 డ్రైవుకు 5 సెకండ్లు, 7,000 డ్రైవుకు 10 సెకండ్లు. మరి 3,500కు ఎంత? 550కు ఎంత? కట్టి చూడండి. ఆ తరువాత, అటువంటి పని మీ ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు పడుతుందో అమ్మానాన్నలను అడగండి. ఎంత ఖర్చు పెట్టాలో ఆ రెండు అంకెలే చెబుతాయి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ తాతయ్య