నమూనా ఓడ

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో ఒకే ఒక ఓడ కోసం కట్టిన ప్రదర్శనశాల ఉన్నది. ఆ ఓడ పేరు ‘వాసా’. 1628 ఆగస్టు 10న తొలి ప్రయాణానికి బయలుదేరి, రేవు దాటకముందే, సుమారు 1300 మీటర్ల దూరంలో ఒరిగి మునిగిపోయిన యుద్ధనౌక అది. 333 సంవత్సరాల తరువాత 1961లో దానిని పైకి తీశారు. నేడు అది నల్లబడిన ఓకు కలపతో, రంగులు వెలసి, తెరచాపలు లేకుండా నిలిచి ఉన్నది. దాని సమీపంలోనే, దానిలో పదోవంతు పరిమాణంలో చేసిన నమూనా ఒకటి ఉంచారు. 69 మీటర్ల ఓడ అక్కడ దాదాపు 7 మీటర్లకు ఒదిగి, ఎర్రని రంగుతో, వన్నెవన్నెల శిల్పాలతో, విప్పిన తెరచాపలతో కనిపిస్తుంది.

అసలు ఓడ ఎదుటనే ఉండగా నకలు దేనికి? ఈ ప్రశ్న సహజమైనదే. నమూనా అంటే అలమరలో పెట్టుకొనే బొమ్మ అనే భావం మనలో బలంగా నాటుకొని ఉన్నది. పటాలను, ఛాయాచిత్రాలను ముందు పెట్టుకొని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి ఓడ నమూనాను నిర్మించేవారిని చూచి, తీరిక ఎక్కువైనవారి కాలక్షేపమని చాలామంది తేలికగా మాట్లాడుతారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను. శ్రద్ధగా చేసిన నమూనా ఒక పరిశోధన. రచయిత తనకు తెలియని చోట ఒక అందమైన వాక్యం రాసి దాటిపోగలడు. చిత్రకారుడు కొంత పొగను, కొంత అలను అడ్డుపెట్టి తప్పించుకోగలడు. నమూనా నిర్మాతకు ఆ వెసులుబాటు లేదు. చుక్కానిని ఓడకు తగిలించవలసి వచ్చినప్పుడు అది దేనిపై తిరుగుతుందో అతడు తేల్చుకొని తీరాలి. తాడు ఒక కొస ఎక్కడ కట్టి ఉన్నదో, రెండవ కొస ఎవరి చేతికి అందుతుందో తెలియనిదే పని ముందుకు సాగదు.

ఓడ పటాన్ని చదవడమే ఒక విద్య. అది మూడు చిత్రాల కూడిక. పక్క నుండి చూచిన రూపం ఒకటి, పైనుండి చూచిన రూపం మరొకటి, ముందు వెనుకల నుండి చూచిన రూపం మూడవది. సొరకాయను అడ్డంగా చక్రాలుగా తరిగితే ఒక్కొక్క చక్రం ఒక్కొక్క పరిమాణంలో వస్తుంది కదా! పటంలో ఓడను కూడ అట్లే తరుగుతారు. ఆ కోతల అంచులే మూడవ చిత్రంలోని వంపు గీతలు. ఒక్కొక్క గీత ఓడకు ఒక్కొక్క పక్కటెముక అవుతుంది. నిర్మాత వాటిని పలుచని చెక్కలో కోసి, వెన్నుదూలంపై వరుసగా నిలిపి, పైన బద్దలను పరుస్తాడు. ఇంతవరకు వినడానికి సులభంగానే ఉంటుంది. ఐతే ఓడ నడుము వద్ద చుట్టుకొలత ఎక్కువ, ముక్కు వద్ద తక్కువ. బద్దల సంఖ్య మాత్రం దాదాపు అంతే. కనుక ప్రతి బద్దనూ చివరలకు పోను పోను సన్నగా చెక్కవలసి ఉంటుంది. చెక్కకపోతే బద్ద తనంత తాను పక్కకు తిరిగి లేస్తుంది. ఓడలు కట్టే వడ్రంగి ఎంతటి గణితాన్ని చేతివేళ్లలో దాచుకొన్నాడో మనకు బోధపడేది ఆ బద్ద లేచిన క్షణంలోనే.

నిష్పత్తి విషయం కూడ ఇట్టిదే. 48వ వంతు నమూనాలో అడుగు పావు అంగుళం అవుతుంది, 96వ వంతులో అరపావు అంగుళం. ఈ రెండవ కొలతలో ఆరడుగుల నావికుడు ముప్పావు అంగుళం ఉంటాడు. అతని చేతిలో ఇమిడే తాడు నిజానికి అంగుళం లావు ఉంటే, నమూనాలో అది అంగుళంలో 96వ వంతు కావాలి. బజారులో దొరికే దారాన్ని తెచ్చి కడితే, ఓడను కొండచిలువలు చుట్టుకొన్నట్లు కనిపిస్తుంది. పాతకాలపు కాగితపు పటాలు చెమ్మకు సాగి, ఎండకు కుంచించుకొని ఉంటాయి. అందుకే అనుభవజ్ఞుడు పటం చేతికి రాగానే దాని అందం చూడడు, మూలన గీచిన కొలబద్ద గీతను కొలుస్తాడు. పొడవున ఒక కొలత, అడ్డంగా మరొక కొలత వస్తే ఆ తేడాను సరిచేసిన తరువాతనే కత్తి పట్టుకొంటాడు. కొలబద్దల మాట వచ్చింది కనుక చెబుతున్నాను: వాసా ఓడలో దొరికిన వస్తువులలో పనివారి కొలబద్దలు నాలుగు ఉన్నాయి. వాటిలో రెండు 12 అంగుళాల స్వీడిష్ అడుగును, రెండు 11 అంగుళాల ఆమ్‌స్టర్‌డాం అడుగును చూపుతాయి. ఒకే ఓడపై వడ్రంగులు రెండు రకాల అడుగులతో పనిచేశారన్నమాట!

ఇక ఛాయాచిత్రాలు. ఫొటో అబద్ధం చెప్పదని మనకొక నమ్మకం. అది అబద్ధం చెప్పకపోవచ్చు గాని, అడిగినదానికి కాక వేరొకదానికి సమాధానం చెబుతుంది. ‘టైటానిక్’ సంగతే చూడండి. 882 అడుగుల 9 అంగుళాల ఆ ఓడను నమూనాగా చేయనివారు అరుదు. అది జలప్రవేశం చేసినది 1911 మే 31న, మునిగినది 1912 ఏప్రిల్ 15న. దాని అక్క వంటి ‘ఒలింపిక్’ 1910 అక్టోబరులోనే నీటిలోకి దిగి, 1935 వరకు సముద్రాలపై తిరిగింది. కనుక ఒలింపిక్ ఫొటోలు విస్తారంగా ఉన్నాయి, టైటానిక్ ఫొటోలు కొద్దిగానే ఉన్నాయి. మొదటిదాని ఫొటో కింద రెండవదాని పేరు అచ్చయిన సందర్భాలకు లెక్కలేదు. రెండూ ఒకే అచ్చులో పోసినట్లే ఉంటాయి గాని, పైనున్న విహార అంతస్తును పరిశీలిస్తే ఒలింపిక్‌లో అది పొడవునా తెరచి ఉంటుంది, టైటానిక్‌లో ముందుసగానికి అద్దాల తెరలు బిగించి ఉంటాయి. దాని కింది అంతస్తు కిటికీల వరుసలోనూ తేడా ఉన్నది. ఈ సంగతి గమనించనివాడు ఎంత నేర్పరి అయినా, టైటానిక్ పేరు చెక్కిన ఒలింపిక్‌ను చేసి కూర్చుంటాడు. పాత ఫొటోలలో రంగుల చిక్కు వేరే ఉన్నది. ఆనాటి ఫిల్ములు అనేకం ఎరుపును గ్రహించలేనివి. వాటిలో ఎరుపు నలుపువలె, నీలం తెలుపువలె పడుతుంది. ముదురుగా కనిపించినదంతా నలుపే అనుకొని రంగు పూసినవారు తరువాత నాలుక కరచుకొన్నారు.

ఓర్పు ఒక్కటే ఉంటే చాలదనడానికి మరొక ఉదాహరణ చెప్పాలి. నెపోలియన్ కాలపు యుద్ధాలలో ఇంగ్లండుకు బందీలుగా చిక్కిన ఫ్రెంచి నావికులు, సైనికులు తమకు పెట్టిన మాంసంలోని ఎముకలను దాచుకొని, అరగదీసి, వాటితో ఓడలు చేసి అమ్ముకొన్నారు. పీటర్‌బరో సమీపంలోని నార్మన్ క్రాస్ శిబిరం అట్టి పనితనానికి పేరుపొందినది. ఎముక బద్దలను వెంట్రుకవాసి ఎడం లేకుండా అమర్చిన ఆ చేతులకు నమస్కరించవలసిందే. కాని వారివద్ద పటాలు లేవు. జ్ఞాపకమే ఆధారం. అందుకే స్తంభాలు ఉండవలసినదానికంటె పొడవై, ఫిరంగులు పెద్దవై, ఓడ ఓడవలెనే ఉండి ఏ ఓడా కాకుండా పోయినవి చాలా ఉన్నాయి. అవి బందీల జీవితానికి గొప్ప సాక్ష్యాలు. ఓడలకు మాత్రం బలహీనమైన సాక్ష్యాలు.

మరి పటమూ లేక, ఫొటోయూ దొరకని చోట నిర్మాత ఏమి చేయాలి? అభిప్రాయభేదం ఉన్నది ఇక్కడే. ఖాళీ ఉంచితే చూచేవారికి వెలితిగా ఉంటుంది, కనుక తగినట్లు ఊహించి పూరించవలసిందే అని కొందరంటారు. ఊహించడం తప్పు కాదు. ఊహను నిజం పక్కన గుర్తు లేకుండా నిలబెట్టడమే తప్పని నా అభిప్రాయం. వాసా శిల్పాలకు వెనుక నీలం రంగు, వాటిపై బంగారు పూత ఉండి ఉంటాయని మొదట నమ్మారు, అట్లే చిత్రించారు. తరువాత కలప సందులలో మిగిలిన రంగు రేణువులను పరిశీలించగా నేపథ్యం ఎరుపనీ, శిల్పాలు పలు రంగులవనీ తేలింది. ఆధారాలను దాచకుండా పెట్టినందుననే ఆ దిద్దుబాటు సాధ్యమయింది. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండు నౌకాదళం కోసం చేసిన నమూనాలలో మరొక పద్ధతి కనిపిస్తుంది. సాధారణంగా 48వ వంతులో చేసిన ఆ ఓడలకు నీటిగీత కింద బద్దలు పరచలేదు, పక్కటెముకలను చూపరులకు వదిలివేశారు. గ్రీనిచ్‌లోని ప్రదర్శనశాలలో వాటిని చూచేవారికి ఆ వెలితి వెలితిగా తోచదు.

మన తీరానికి వద్దాం. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెంపై రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉన్నదని చిన్న తరగతులలోనే చదువుకొన్నాం. రెండవ శతాబ్దం నాటి ఆ నాణెం మన సముద్రయానానికి గర్వకారణమే. కాని బొటనవేలి గోరంత బొమ్మలో పొడవెంతో, వెడల్పెంతో, బద్దలను మేకులతో బిగించారో తాటితో కుట్టారో తెలియదు. దానిని చూచి ఎవరైనా నమూనా చేయదలిస్తే చేయవచ్చు, అయితే కింద పలకపై ‘ఇది నా ఊహ’ అని రాయవలసి ఉంటుంది. పందొమ్మిదవ శతాబ్దపు ఓడల విషయంలోనూ మన పరిస్థితి అంతకంటె ఎంతో మెరుగు కాదు. గోదావరి సముద్రంలో కలిసేచోట, యానాంకు దగ్గరగా ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు ప్రసిద్ధమైన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన దానిని ఊడ్చివేసింది. ఇక్కడి ఓడలను పటం చూచి కట్టలేదు. పెద్ద వడ్రంగి కన్ను, మూర, జానెడు, అతని తండ్రి చెప్పిన లెక్క, ఇవే పటం. వడ్రంగితోపాటే పటమూ పోయింది.

కొలిచి రాసినవారు లేకపోలేదు, వారు మనవారు కారు. శ్రీలంకలోని ట్రింకోమలీ రేవులో ఉద్యోగం చేసిన జాన్ ఎడై అనే ఆంగ్లేయుడు కోరమండల్, మలబారు తీరాల ఓడలను వర్ణించి 1834లో ప్రచురించాడు. ఎడ్మండ్ పారిస్ అనే ఫ్రెంచి నౌకాధికారి తన ప్రయాణాలలో తగిలిన పడవలనెల్లా కొలిచి పటాలు గీచి 1840 దశకంలో గొప్ప గ్రంథంగా వెలువరించాడు. తరువాత పారిస్ నగరంలోని నౌకా ప్రదర్శనశాల బాధ్యత వహించి, ఆ పటాలను బట్టి నమూనాలు చేయించాడు. 1920లో జేమ్స్ హార్నెల్ భారతీయ పడవల రూపాలపై రాశాడు. మసులా పడవ గూర్చి నేడు నిర్భయంగా చెప్పగలుగుతున్నామంటే ఇట్టివారి చలవయే. ఆ పడవకు ఇనుప మేకులు లేవు. లోపల పక్కటెముకలూ లేవు. పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టి, అతుకుల మీద గడ్డి దట్టించేవారు. ఒడ్డున విరిగే కెరటం కొట్టినప్పుడు మేకులు బిగించిన గట్టి పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగి ఇస్తుంది. ఈ వాక్యాన్ని మీరు కంఠస్థం చేయవచ్చు. అంతకంటె, వెదురు బద్దలతో జానెడు పొడవు పడవను ఒకసారి కుట్టి, రెండు చేతులతో మెలిపెట్టి చూడండి. ఖర్చు పెద్దగా ఉండదు.

ఉక్కు ఓడల చింత నాకు తక్కువ. 1948 మార్చి 14న విశాఖపట్నంలో జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించిన ‘జలఉష’ వంటి ఓడకు ప్రతి రేకుకూ ముందే గీత ఉండి తీరుతుంది. పటం లేనిదే ఉక్కు వంగదు. భయమంతా కర్ర పడవల గూర్చి. ఓడ ముందుభాగాన్ని అణియమనీ, వెనుకభాగాన్ని అమరమనీ అంటారని మన నిఘంటువులలో ఉన్నది. ఆ మాటలను నోటితో పలికే సరంగులు ఇంకెందరున్నారు? కోరంగి పక్కనే ఉన్న తాళ్ళరేవు ప్రాంతంలో కర్ర పడవలు కట్టడం ఎరిగిన కుటుంబాలు ఉన్నాయి. ఫైబరు పడవలు వచ్చిన తరువాత ఆ పని ఎట్లు తగ్గిపోయిందో తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు. పాతబడిన పడవను విప్పి కలపగా అమ్మినప్పుడు దానితోపాటు ఒక పటం కాలిపోతున్నది, గీయని పటం.

ఇందుకు కావలసిన సామగ్రి ఏ కళాశాల విద్యార్థికైనా అందుబాటులోనే ఉన్నది. ఒక కొలత టేపు, తూకపుగుండు కట్టిన దారం, గళ్ల నోటుపుస్తకం, ఫొటో తీయగల ఫోను. ఒడ్డుకు లాగిన పడవ పక్కన నేలపై ఒక దారం సూటిగా లాగి కట్టండి. అడుగుకొకసారి ఆ దారం నుండి పడవ పక్కకు ఎంత దూరమో, నేలనుండి ఎంత ఎత్తులోనో కొలిచి రాయండి. ఫొటో తీసేటప్పుడు టేపును పడవకు ఆనించి, అంకెలు కనిపించేటట్లు ఉంచండి. కట్టినవారి పేరు, ఏ కలపతో కట్టారో, ఏ సంవత్సరంలో కట్టారో, ఏ భాగాన్ని వారు ఏమని పిలిచారో వారి మాటలలోనే రాసుకోండి. తెలియని చోట గడిని ఖాళీగా వదలండి. పెద్ద వడ్రంగి ఇంకా ఆ పాకలోనే కూర్చొని ఉంటే, మొదట ఆయనను అడగండి.