చలికాలపు బేరములు

అమెరికాలో బేస్‌బాల్ ఆట చలికాలమున నిలిచిపోవును గాని, దానినిగూర్చిన వాదము నిలువదు. జట్లు ఆటగాండ్రను మార్చుకొను కాలమదియే. ఎవరు లాభపడిరో, ఎవరు మోసపోయిరో అభిమానులు ఆనాడే తీర్పు చెప్పివేయుదురు.

2018 డిసెంబరులో న్యూయార్కు మెట్సు జట్టు సియాటిల్ జట్టునుండి ఎడ్విన్ డియాజ్‌ను గైకొనెను. ఆతడు రిలీఫ్ పిచ్చరు. అనగా మొదట బంతి విసరినవాడు అలసిన పిమ్మట వచ్చువాడు. తుది ఇన్నింగ్సులో స్వల్పమైన ఆధిక్యమును కాపాడుట యాతని పని. ఆ యేడు 57 ఆటలను అట్లు కాపాడెను. కాని ఆతనితోపాటు 36 ఏండ్ల రాబిన్సన్ కనోను, ఆయనకు మిగిలియున్న ఐదేండ్ల జీతములో పెద్దపాలును స్వీకరింపవలసివచ్చెను. బదులుగా ఐదుగురిని ఇచ్చిరి. వారిలో జారెడ్ కెలెనిక్ పందొమ్మిదేండ్ల బాలుడు; వాదములలో మిక్కిలి నలిగిన పేరిదియే.

2019లో డియాజ్ తడబడెను. పదుగురు దినమెల్ల వండిన విందును తుదిని వడ్డించువాడు ఒలుకబోసినచో నింద యెవరిపై బడును? సొంత మైదానముననే జనులు ఈసడించిరి. సోదరీమణులారా, క్రొత్తకోడలిని మొదటి సంక్రాంతికే తూచు ఇండ్లను ఎఱిగిన మాకు ఇది వింతగా దోపలేదు. ఆతనికప్పుడు 25 ఏండ్లు. లాభనష్టముల లెక్కలో ఆ సంగతికి చోటులేదు.

2022లో ఆతడు 62 ఇన్నింగ్సులలో 118 స్ట్రైకౌట్లు సాధించెను. బాకాపాట మ్రోగుచుండ ఆతడు మైదానమున అడుగిడినంతనే ఆ జనులే లేచి నిలిచిరి. కెలెనిక్ 2021లో సియాటిల్ పక్షమున ప్రవేశించి, ఆ యేడు రాణింపలేకపోయెను. 2023 డిసెంబరులో వారాతనిని అట్లాంటాకు ఇచ్చివేసిరి. అదియు చలికాలపు బేరమే.